పొర చినగకుండా

ఆయన పోయిన సంగతి నాకు చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. నేను చుట్టాన్ని కాను, ఇరుగుపొరుగు కాను. ఐదు నెలలు బెంగళూరులో ఉండి రాయచూరు తిరిగొచ్చిన మూడోరోజు పొద్దున, ఎప్పటిలాగే స్టీలు డబ్బాలో ఉప్పునీళ్లు పోసుకుని, దాన్ని ఐసుముక్కల సంచీలో పెట్టుకుని మటన్ మార్కెట్‌కు వెళ్లాను. చివరి దుకాణం ముందు మొద్దు మీద గోనెపట్టా కప్పి ఉంది. పక్కన కార్జాలు అమ్మే అతను నన్ను చూసి కత్తి కింద పెట్టాడు.

“మీకు తెల్వదా మేడం? తలకాయలాయన చనిపోయిండు. రెండు నెలలాయె.”

“ఎక్కడ? ఎట్ల?”

“ఈడ కాదు, అరకేరల. సోమారం ఆడికి పోయిండు, మల్ల రాలే.”

డబ్బా పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. సంచీలో ఐసు కరిగి నా చెప్పుల మీద చుక్కలు పడుతుంటే అప్పుడు కదిలాను.

ఆయన పేరు నాకు తర్వాత తెలిసింది. కానీ మూడేళ్లు “కాకా” అని పిలిచిన మనిషిని ఇప్పుడు పేరుపెట్టి రాస్తే, ఇంకెవరి గురించో రాసినట్టుంటుంది. ఆయన కూడా మనుషుల్ని పేర్లతో పిలిచేవాడు కాదు. రోగాలతో పిలిచేవాడు.

తలకాయలు, కాళ్లు మాత్రమే అమ్మేవాడు. ఆ రెండూ కొనేవాళ్ల ఇళ్లలో ఎవరో ఒకరు మంచం మీద ఉంటారు. కాళ్ల సూపు ఎముక విరిగినవాళ్లకు, తలకాయ కూర నీరసపడ్డవాళ్లకు. అందుకని వచ్చినవాళ్లను ముందు “ఎవలికి?” అని అడిగేవాడు. తెలుగువాళ్లను తెలుగులో, కన్నడం వాళ్లను కన్నడంలో, తురకం మాట్లాడేవాళ్లను తురకంలో. జవాబు విన్నాకే ఏ తలకాయ ఇవ్వాలో, ఏ కాళ్లు ఇవ్వాలో తీసేవాడు. మళ్లీ వారం ఆ మనిషి కనిపిస్తే, “కాలిరిగినాయన లేచిండా?” “టైఫాయిడ్ పిల్ల బువ్వ తింటుందా?” అని అడిగేవాడు. ఊళ్లో సగం ఇళ్ల జబ్బులు ఆయనకు తెలుసు. ఆ ఇళ్లు ఎక్కడున్నాయో మాత్రం తెలియదు.

నేను చిక్కసూగూరు దారిలో ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాను. పాఠాలు కాక నాకు ఇంకో పని ఉంది. మెదడు మీద అతికే మెత్తటి పొరలు తయారుచేస్తాను. ఫిట్సు వచ్చేవాళ్ల మెదడులో అలజడి ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడానికి డాక్టర్లు పుర్రె తెరిచి, తీగలున్న పలుచటి రేకుల్లాంటివి లోపల పెడతారు. ఎంత పలుచనైనా అవి మెదడు కంటే గట్టివే. మెదడేమో జున్నులాంటిది. పైగా ముడతలు. గుండె కొట్టుకున్నప్పుడల్లా అదీ కాస్త కదులుతుంది. రేకు దాంతోపాటు కదలదు, ముడతల్లోకి దిగదు, పక్కకు జారుతుంది. అందుకే పొడిగా ఉన్నప్పుడు ఉల్లిపొరలా ఉండి, తడి తగలగానే మెత్తబడి, ముడతల్లోకి ఒదిగి అక్కడే అంటిపెట్టుకుని ఉండే పొర కావాలి. అందులో వెంట్రుకకంటే సన్నటి బంగారు తీగలు బెంగళూరు ల్యాబులో వేస్తారు. సముద్రపు నాచునుంచి తీసే జిగురుతో ఆ అంటుకునే భాగం చేసేది నేను. దాన్ని పరీక్షించడానికి తాజా మెదడు కావాలి. మేక మెదడుకూ మనిషి మెదడుకున్నట్టే ముడతలుంటాయి.

మాది బట్టల వ్యాపారం చేసే ఇల్లు. వంటింట్లో కోడిగుడ్డు కూడా రాదు. నేను పెళ్లి చేసుకోలేదు, అన్నావదినల దగ్గరే ఉంటాను. వాళ్లు మంచివాళ్లు. నా పని ఏమిటని మాత్రం ఎప్పుడూ అడగరు. అడిగితే నేను చెప్పాల్సి వస్తుంది, చెబితే వాళ్లు వినాల్సి వస్తుంది. మటన్ మార్కెట్‌కు మొదటిసారి వెళ్లినరోజు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని అన్ని దుకాణాలూ తిరిగాను. అందరూ తలను నిలువునా రెండుగా కొట్టి, మెదడును చెంచాతో తీసి ఇస్తామన్నారు. చివరికి ఆయన దగ్గరికి వచ్చాను.

“కాకా, భేజా కావాలె. ముక్క కావొద్దు. మీదున్న పొర సుత చినగొద్దు.”

“పొర చినగకుంట ఇస్తే కూర వండరాదమ్మా.”

“తినేటందుకు కాదు.”

ఆయన తలెత్తి నన్ను చూశాడు. బొట్టు, చేతిరుమాలు, చీరకుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్న తీరు, అన్నీ చూశాడు. “బట్టల దుకాణపోళ్ల పిల్లవు గదా నువ్వు?” అన్నాడు. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు. గొడ్డలిలాంటి పెద్దకత్తి పక్కనపెట్టి, కింద గోతాంలోంచి ఉలి, చిన్న సుత్తె తీశాడు.

ఆ పని చూశాక చేతిరుమాలు సంగతి మరిచిపోయాను. ముందు ఒక తడిగుడ్డ తీసి మేక కళ్లమీద కప్పాడు. తర్వాత కొమ్ముల వెనకనుంచి చుట్టూ గీత గీసినట్టు ఉలి నడిపాడు. ఒక్కొక్క దెబ్బకూ మధ్యన ఆగి, చెవి ఆనేంత దగ్గరగా వంగి చూసేవాడు. పెదాలు కదులుతున్నాయి. “నిమ్మళంగ, నిమ్మళంగ” అని తనకు తానే చెప్పుకుంటున్నాడు. పుర్రెపైకప్పు మూతలా లేచింది. కింద నరాల్ని కత్తిమొనతో ఒక్కొక్కటే తెంచి, తలను వంచి, తన దోసిట్లోకి జార్చుకున్నాడు. ఒక్క గీత పడలేదు. డబ్బాలోకి వదిలేటప్పుడు చేతుల్ని నీళ్లలో ముంచి మరీ వదిలాడు, ఎత్తునుంచి పడకుండా.

“కండ్లెందుకు కప్పుతవు కాకా?” అని అడిగాను.

“చూస్తుంటే చెయ్యి ఆడదు.”

అప్పటినుంచి వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని. ఎవరైనా “ఈమెకు భేజా దేనికి?” అని అడిగితే నేను నోరు తెరిచేలోపే “కాలేజ్ కా కామ్ హై” అని కసిరినట్టు చెప్పేవాడు. మా అన్న చెవిన పడుతుందేమోనని నేను భయపడుతున్నట్టు ఆయనకు నేను చెప్పకుండానే తెలిసింది. నాకు ఆయన పెట్టిన పేరు “భేజా బిడ్డ.” తర్వాత అందులో భేజా పోయి బిడ్డ మిగిలింది.

ఆయనకో అలవాటు ఉండేది. ఏదీ చేతికి ఇచ్చేవాడు కాదు. పొట్లం చెక్కమీద పెడితే మనమే తీసుకోవాలి. పని లేనప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. పసిపిల్లల్ని చంకనేసుకొచ్చే ఆడవాళ్లు ఉండేవారు. పిల్లలు ఆయన మీసాలకోసం చేతులు చాస్తే ఒక అడుగు వెనక్కి వేసేవాడు, నవ్వుతూనే. శుభ్రం కోసమేమో అనుకున్నాను. తలకాయ కూర తనెప్పుడూ తినలేదని కూడా ఒకసారి చెప్పాడు. చిక్కసూగూరులో ఒక గదిలో ఉండేవాడు. ఒక్కడే వండుకునేవాడు. ఇంట్లో ఎవరున్నారని అడిగితే “నేనున్న” అన్నాడు.

ఒక వానాకాలం పొద్దున మార్కెట్‌లో గిరాకీ లేదు. రేకుల మీద వాన మోతకు మాట వినిపించడం లేదు. మెదడు తీసి డబ్బాలో వదలబోతూ ఆగి, “ఏడాదిన్నరాయె బిడ్డా, దీన్ని ఏం జేస్తవో ఒక్కపారి నాకు జూపియ్యి,” అన్నాడు.

నా చేతిసంచీలో ఒక పొర ఉంది. దాన్ని ఆయన దోసిట్లో ఉన్న మెదడు మీద పెట్టాను. మొదట కాగితంముక్కలా పైకి లేచి ఉంది. నిమిషంలో అంచులు వాలాయి. మెల్లగా ఒక్కొక్క ముడతలోకీ దిగి, ఆ వంపులన్నీ తనవే అయినట్టు సర్దుకుంది. సన్నటి తీగలు మాత్రం మెరుస్తున్నాయి. ఆయన చేతులు అటూ ఇటూ వంచాడు. పొర జారలేదు.

“ఎట్ల పండుకుందో చూడు! తల్లి పొట్టమీద పసిపిల్ల పండుకున్నట్టు,” అన్నాడు. ముఖం వెలిగిపోయింది. “దేనికిది?”

“ఫిట్సు వచ్చేటోళ్లకు. రాకముందే పట్టుకునేటందుకు. ముందు ముందు ఆపేటందుకు సుత.”

ఆయన ముఖంలో వెలుగు పోయింది. మెదడును డబ్బాలోకి వదిలి, మూత నావైపు జరిపి, “ఇయ్యాల్టికి చాలు, వాన పెద్దగైతది,” అన్నాడు. ఆ తర్వాత రెండు వారాలు అవసరమైనదానికి మించి మాట్లాడలేదు. నేనేదో తప్పు మాట అన్నానని అనుకున్నాను. ఏమిటో తెలియలేదు.

మూడోవారం ఆయనే అడిగాడు. “ఫిట్సు ఎందుకొస్తయి బిడ్డా?”

మెదడులో కోట్లమంది ఉన్నట్టు ఊహించుకొమ్మన్నాను. మామూలుగా ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకుంటారు. ఫిట్సు వచ్చినప్పుడు అందరూ ఒక్కసారే అరుస్తారు. అంతే అన్నాను.

“దానికి కత్తి పాపం తగులుతదా?”

“ఏం కత్తి?”

ఆయన తన మొద్దు వైపు చూశాడు. అప్పుడు చెప్పాడు, కస్టమర్లు వస్తే ఆగుతూ, వాళ్లు వెళ్లాక మళ్లీ మొదలుపెడుతూ. ఆయనకు పెళ్లయింది. అమ్మాయిది అరకేర. పెళ్లయిన మూడో ఏట పొయ్యి దగ్గర ఉండగా మొదటిసారి పడిపోయింది. తర్వాత నెలకోసారి, వారానికోసారి. వాళ్లమ్మ వచ్చి చూసి, “దినాం తలకాయలు పలగ్గొడుతున్నవు, అది నా బిడ్డ తలకు తగిలింది,” అంది. కూతుర్ని తీసుకుపోయింది. అప్పటికి ఆయన తల మీద అన్నీ నల్లవెంట్రుకలే. మళ్లీ ఆమె రాలేదు. ఆయన ఇంకో పెళ్లి చేసుకోలేదు, పని మానలేదు. “వేరే పని రాదు. ఈ పని జేస్తే ఆమె రాదు. ఏం జెయ్యాలె?” అన్నాడు.

“కత్తికీ దానికీ సంబంధం లేదు కాకా. అది జబ్బు. జ్వరం లెక్క.”

“నువ్వు సదువుకున్నదానివి. ఆడికొచ్చి ఆ మాట జెప్తవా?”

వస్తానన్నాను. కానీ వెంటనే వెళ్లలేదు. పరీక్షలని, పేపర్లు దిద్దాలని నాలుగు నెలలు వాయిదా వేశాను. అసలు కారణం భయం. ఆ ఊరికి నేను ఎవరినని వెళ్లాలి? అక్కడివాళ్లు ఆ పొర ఇప్పుడే పెట్టమంటే ఏం చెప్పాలి? ఆయన మాత్రం మళ్లీ గుర్తుచేయలేదు.

ఆ నాలుగు నెలల్లోనే ఒకరోజు ఆయన్ని మా ల్యాబుకు పిలిచాను. కాలేజీ ఆయన ఊరి దారిలోనే కదా. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, గోడకు ఆనకుండా, నడి గదిలో నిలబడ్డాడు. కెమెరాలో పెద్దదిగా కనిపిస్తున్న ముడతల్ని చూసి, “ఇంత పెద్దగ నేనెప్పుడు చూడలే,” అన్నాడు. ఆయన పొద్దున తీసి ఇచ్చిన మెదడు మీద పొర అతికించాను. అప్పటికి నా జిగురు బాగా పట్టుకుంటోంది. బెంగళూరువాళ్లు మెచ్చుకున్నారు కూడా. నీళ్లు పోసి చూపించాను, కదలలేదు. గర్వంగానే ఉంది నాకు. ఆ గర్వంలోనే, పని అయిపోయింది కదా అని, పట్టుకారుతో పొర అంచు పట్టి లాగాను. దాంతోపాటు మెదడు మీది సన్నటి పొర ఊడొచ్చింది. కింద నెత్తుటి జీరలు కనిపించాయి.

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“చింపినవు గదా బిడ్డా.”

“పరీక్ష అయిపోయింది కాకా. ఇది ఎట్లయినా పారేసేదే.”

“మనిషికి పెట్టినంక ఎన్నడన్న తియ్యాల్నా లేదా?”

ఈ ప్రశ్న మాకు తెలియనిది కాదు. ముందు అంటుకునేది చేద్దాం, తీసే సంగతి తర్వాత చూద్దాం అని పక్కనపెట్టుకున్నాం. ఆయన చినిగిన ఆ చోటును చూడలేకపోతున్నాడు. నేనేమో అప్పటిదాకా అలాంటివి డజన్లకొద్దీ చింపి పారేశాను, ఒక్కసారీ ఏమీ అనిపించలేదు. ఆ రోజు అనిపించింది. పట్టు గట్టిగా ఉండాలి, వద్దన్నప్పుడు తనంతట తను వదలాలి. మామూలు నిమ్మ ఉప్పులాంటిదొకటి కలిపిన నీళ్లు పోస్తే నా జిగురు పట్టు వదిలేలా చేయడానికి తర్వాత ఏడాది పట్టింది. ఎన్నో పొరలు పాడయ్యాయి. ఆ ఏడాదంతా మెదళ్లు ఇచ్చింది ఆయనే.

పొర చింపిన ఆ రోజే ల్యాబునుంచి బయటికి వెళుతూ, “ఈ సోమారం పోదామా?” అన్నాడు. ఇక వాయిదా వేయలేకపోయాను.

రెండు బస్సులు మారి అరకేర చేరాం. దారంతా ఆయన చేతుల్ని ఒళ్లో పెట్టుకోకుండా తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం కన్నడంలో, తెలుగులో ఏం చెప్పాలో మనసులో వల్లెవేసుకున్నాను. మెదడు బొమ్మ ఒకటి పెద్ద కాగితం మీద గీసి తెచ్చుకున్నాను కూడా.

ఇంటి ముందు పత్తి ఆరబోసి ఉంది. ఆమె తమ్ముడు బయటికొచ్చాడు. అక్కను తీసుకొచ్చిన తల్లి ఎప్పుడో చనిపోయిందట. ఆయన్ని చూసి ఒక్క క్షణం ఆగి, “బర్రి, కుందర్రి,” అని కన్నడంలో రమ్మని అరుగు మీద చాప పరిచాడు. లోపలినుంచి ఆమె వచ్చింది. నుదుటి మీద పాత కాలిన మచ్చ. సన్నటి మనిషి. ఆయన్ని చూసి ఆశ్చర్యపోలేదు. నీళ్లచెంబు పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది.

నేను బొమ్మ విప్పి చెప్పడం మొదలుపెట్టాను. కత్తికీ జబ్బుకూ సంబంధం లేదన్నాను. జ్వరం లాంటిదేనన్నాను. ఆమె చివరిదాకా విని, “నాకు తెలుసు బిడ్డా,” అంది. “దేవదుర్గం డాక్టరు ఎన్నడో జెప్పిండు. గోళీలు మింగుతున్న. మునుపటంత రాదు.”

“మరి...” అన్నాను.

“కత్తి గిత్తి మా అమ్మ నమ్మింది. నేను నమ్మలే.” ఆయన వైపు చూడకుండా నాతోనే చెప్పింది. “నేను పడ్డప్పుడు ఈయన గడప కాడ నిలబడేటోడు. దగ్గరికి రాలే. ఒక్కనాడు సుత రాలే. కండ్లు తెరిస్తే ముందుగాల ఈయన కాళ్లు కనపడేటియి. నాయంతల నేనే లేచి, మూతి తుడుసుకుని, చీర సర్దుకునేదాన్ని. పొయ్యిల పడి నుదురు కాలిననాడు సుత గంతే. అసుంటి ఇంట్ల ఎట్లుంటరు?”

ఆయన తల దించుకుని ఉన్నాడు. చాపను చూస్తూనే అన్నాడు.

“నా చెయ్యి తగిలితే ఇంక ఎక్కువైతదని భయపడ్డ.”

“ఆ మాట నాకెన్నడన్న జెప్పినవా?”

ఆయన లేదన్నట్టు తలూపాడు. నేను బొమ్మ మడిచి సంచీలో పెట్టుకున్నాను. నేను వల్లెవేసుకున్న మాటల్లో ఈ ఇద్దరికీ పనికొచ్చేది ఒక్కటీ లేదు.

చివరికి ఆయనే అడిగాడు, నన్ను. “బిడ్డా, పడ్డప్పుడు ఎట్ల పట్టుకోవాలె?”

పక్కకు తిప్పాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, తాళంచెవులు గిట్ల చేతిలో కుక్కకూడదు, ఆగేదాకా పక్కనే ఉండాలి అని చెప్పాను. దిండు తెస్తే చూపిస్తానన్నాను. ఆమె లేచి చాప మీదికి వచ్చి, “దిండెందుకు, నా మీదనే చూపియ్యి,” అని వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంది.

ఆయన చేతులు చొక్కాకు రెండుసార్లు తుడుచుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేయి ఆమె భుజం మీద వేసి, ఇంకో చేయి మెల్లగా తల కిందికి పోనిచ్చాడు. ఆయనకు నేను నేర్పాల్సింది ఏమీ లేదు. ఆమె తల బరువంతా ఆయన అరచేతిలోకి వచ్చేదాకా ఆగి, అప్పుడు పక్కకు తిప్పాడు. పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. తమ్ముడు పత్తి చూసే నెపంతో లేచి వెళ్లిపోయాడు.

“మస్తు చల్లగున్నయి చేతులు,” అంది ఆమె, కళ్లు తెరవకుండానే.

బయల్దేరేటప్పుడు, “వస్తవా?” అని ఆయన అడగలేక అడిగాడు. “ఇప్పుడెందుకు? ఈడ అలవాటైంది. నువ్వే వస్తా ఉండు,” అంది.

అప్పటినుంచి సోమవారాలు మొద్దు మీద గోనెపట్టా కప్పి అరకేర పోయేవాడు. మంగళవారం నేను వెళ్లేసరికి అక్కడి కబుర్లు రెండు మూడు ముక్కల్లో చెప్పేవాడు. పత్తి అమ్ముడుపోయింది. గోళీ మార్చిండ్రు. జొన్నరొట్టె చేసింది. ఒక మంగళవారం నేను మార్కెట్ గేటు దాటకముందే ఎదురొచ్చాడు.

“నిన్న ఆమెకు ఫిట్సొచ్చింది బిడ్డా. నేనున్నప్పుడే.”

“ఎట్లుంది ఇప్పుడు?”

“మంచిగుంది. నా చేతులల్లనే వచ్చింది, నా చేతులల్లనే పోయింది.” తన అరచేతులు చూసుకున్నాడు. “కండ్లు తెరవంగనే ముందుగాల నా మొఖం చూసింది.”

ఆ రోజు మెదడు తీస్తూ ఇంకోమాట అడిగాడు. “నీ పొర ఆమెకు అందుతదా?” అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఇంకా బతికున్న జంతువుల మీదే చూడలేదని, ఆ తర్వాత మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుందని, అసలు వస్తుందో రాదో కూడా తెలియదని చెప్పాను. “ఓహో,” అన్నాడు. డబ్బా మూత పెట్టి నావైపు జరిపాడు. “అయినా ఆపకు. ఎవలికో ఒకలికి అందుతది.”

తర్వాత నెలలోనే నన్ను బెంగళూరు పిలిచారు. వెళ్లేముందు ఒక మాట చెప్పి పోదామని మార్కెట్‌కు వెళితే సోమవారమైంది. దుకాణం లేదు. వచ్చాక చెప్పొచ్చులే అనుకున్నాను.

ఆయన పోయాడని తెలిశాక వచ్చిన ఆదివారం ఒక్కదాన్నే అరకేర వెళ్లాను. ఆమె నన్ను చూసి, “కాలేజీల అడిగితే నువ్వు బెంగళూరు పోయినవని జెప్పిండ్రట. వస్తవని ఎదురుజూసిండు,” అంది. అరుగు మీదనే కూర్చున్నాం. మధ్యాహ్నం రొట్టె తిని, ఛాతీల మంటగుందని అన్నాడట. తమ్ముడు ఆటో తేవడానికి పరుగెత్తాడు. ఆటో వచ్చేసరికి అయిపోయింది.

“నేను పట్టుకున్న,” అంది ఆమె. “పక్కకు తిప్పుదామంటే వద్దన్నడు. గిట్లనే ఉండనీ అన్నడు.”

ఏడవలేదు. నాకు రొట్టె పెట్టింది, వద్దన్నా వినలేదు. పొర ఎంతదాకా వచ్చిందని అడిగింది. అంటుకుంటోందని, నిమ్మ ఉప్పు నీళ్లు పోస్తే మెదడు చిరగకుండా వదులుతోందని, బెంగళూరులో గొర్రెలకు పెట్టి చూస్తున్నారని చెప్పాను. అర్థమైనట్టు తలూపింది.

సాయంత్రం బస్టాండు దాకా తనూ వచ్చింది. తమ్ముడు వెంట వస్తానంటే వద్దంది. దేవదుర్గం బస్సు నిలబడి ఉంది, డ్రైవరు టీ తాగుతున్నాడు. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె కిందనుంచి చూస్తూ అడిగింది.

“ఆ ఊళ్లె నీకెవలున్నరు బిడ్డా?”

“అన్న ఉన్నడు చిన్నమ్మా. వదిన, పిల్లలు.”

“అది కాదు. ఈ పని గురించి చెప్పుకునేటందుకు ఎవలున్నరు?”

నేను సంచీ ఒళ్లోకి లాక్కున్నాను. ఆమె కొద్దిసేపు చూసి, చీరకొంగు నడుముకు దోపుకుని, మెట్లు పట్టుకుని మెల్లగా బస్సెక్కింది. నా పక్కన కూర్చుంది. డ్రైవరు వచ్చి ఇంజను మొదలుపెట్టేదాకా అలాగే కూర్చుని, అప్పుడు లేచి దిగిపోయింది. దేవదుర్గం దాకా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు.